ఓగిల్వీ దొర తిథి

వుడ్‌ల్యాండ్స్, సింగపూర్
20 జనవరి 2025

చిరంజీవి నిఖిలకు,

తాతయ్య ఆశీర్వచనాలు. ఎడింబరోలో చలి ఎలా ఉంది? చెవులకు గుడ్డ కట్టుకుని తిరుగు. నా చెవులకు ఇక ఆ అవసరం లేదు, అవి పూర్తిగా రిటైరయ్యాయి. మీ మావయ్య గోపీకృష్ణ ఫోను నా చెవికి ఆనించి నీ పేరు అరుస్తాడు. గూడ్సు బండి వంతెన మీద పోతున్న చప్పుడు తప్ప నాకేమీ వినపడదు. ఎదురుగా ఉన్నవాళ్ళైతే పెదవులు బాగా కదుపుతారు, లేదా అట్ట మీద రాసి చూపిస్తారు. అందుకే ఈ ఉత్తరం. మీ అత్త కావ్యశ్రీ "ఇటివ్వండి మామయ్యగారూ, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేస్తాను" అంది. వద్దన్నాను. ఇది ఇంటిల్లిపాదీ చదవాల్సిన సంగతి కాదు.

నీతో పని పడింది. నువ్వు పెద్ద చదువుకని స్కాట్లండు వెళ్ళావు. నా కన్నతండ్రి పుట్టిన దేశం అది. మీ అమ్మ నీకు ఎంత చెప్పిందో నాకు తెలియదు కనుక మొదటినుంచీ చెబుతాను.

మా అమ్మ పైడమ్మ శ్రీకాకుళం జిల్లా నుంచి మలయాలోని జోహోరు రబ్బరుతోటకు కూలికి వచ్చింది. వాళ్ళన్న భద్రయ్య అక్కడ కూలీల మీద కంగాణీ, అంటే మేస్త్రీ. తోట దొర పేరు రాబర్ట్ ఓగిల్వీ. కిర్రిమ్యూర్ అనే ఊరివాడు. అమ్మ ఆ పేరు పలకలేక పలుకుతూ నాకు నేర్పింది. ముప్ఫై తొమ్మిదిలో తోటలోని మారియమ్మ గుడి ముందు దొర మా అమ్మకు పసుపుతాడు కట్టాడు. మరుసటేడు నేను పుట్టాను. జపానువాళ్ళు వచ్చి దొరని పట్టుకుపోయారు. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండులో, రైలుమార్గం వేసేచోట పోయాడని యుద్ధం అయ్యాక భద్రయ్య మావయ్య కబురు తెచ్చాడు. అమ్మ బొట్టు చెరుపుకుంది.

పోయిన తిథి తెలియదు. తెలియనివాళ్ళకు పెద్దల అమావాస్యే గతి. నాకు మొదటి జీతం వచ్చిన ఏడాది నుంచీ ఆ రోజున నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాను. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రమట. "కాశ్యప గోత్రస్య ఓగిల్వీ శర్మణః" అని మన విజయనగరం పురోహితుడు అంటుంటే పక్కవాళ్ళు నవ్వేవారు. నవ్వనీ. కన్నవాడు కన్నవాడే.

ఇప్పుడు నాకు ఎనభై అయిదు. అమావాస్య నాడు ఊరందరి పెద్దలతో కలిపి పెట్టడం కాదు, ఆయన పోయిన తిథి నాడు ఒక్కసారి ఆయనకంటూ తద్దినం పెట్టాలి. ఆ తేదీ కనిపెట్టి రాయి. ఇక్కడ పన్నెండో అంతస్తు కిటికీలోంచి చూస్తే జోహోరు వంతెన మీద మోటారుసైకిళ్ళు బారులు తీరి కనిపిస్తాయి. నేను పుట్టిన నేల ఆ అవతలే. మీ వరుణ్ బావ "వెరీ నియర్ లా తాతా, బస్‌లో పోదాం" అంటాడు. ఆ తేదీ తెలిశాక పోతానన్నాను.

ఆశీస్సులతో,
తాతయ్య


ఎడింబరో
9 ఫిబ్రవరి 2025

పూజ్యులైన తాతయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా అమ్మ నాకు చెప్పింది రెండే ముక్కలు: "మీ తాతయ్యవి పిల్లికళ్ళు, ఎందుకని అడక్కు." ఇంత కథ ఉందని నాకేం తెలుసు!

శుక్రవారం ఇక్కడి రికార్డుల కార్యాలయానికి వెళ్ళాను. గుమ్మటం కింద పెద్ద గది, వరసగా కంప్యూటర్లు. ఇంట్లోంచి చూడనివ్వని కొత్త రిజిస్టర్లు కూడా అక్కడ కూర్చుంటే చూడొచ్చు. నా పక్కన కెనడా నుంచి వచ్చిన ముసలావిడ వాళ్ళ ముత్తాతని వెతుక్కుంటూ దొరికినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. నేనూ ఒకసారి కొట్టాను. ఎందుకంటే దొరికారు! రాబర్ట్ ఓగిల్వీ, 1908లో కిర్రిమ్యూర్‌లో పుట్టారు. తండ్రి నేతపని. మనవాళ్ళు నేతవాళ్ళన్నమాట తాతయ్యా. తల్లి పేరు జీన్. ఈ దేశపు రిజిస్టర్లలో చిత్రం ఏమిటంటే పుట్టిన గంటా పోయిన గంటా కూడా రాస్తారు. మీ పంచాంగానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్కటే చిక్కు. యుద్ధంలో పోయినవాళ్ళ జాబితాల్లో ఆయన లేరు. సైనికుల్లో చూశాను, ఖైదులో పోయిన మామూలు జనంలో చూశాను. మళ్ళీ వెడతాను. చెవులకు గుడ్డ కట్టుకునే తిరుగుతున్నాను.

మీ నిఖిల


వుడ్‌ల్యాండ్స్
1 మార్చి 2025

చిరంజీవి నిఖిలకు,

నేతపని! నీ ఉత్తరం పట్టుకుని కింద బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ రోజూ చేరే కృష్ణమూర్తిగారు, బ్యాంకులో పెద్ద పని చేసి రిటైరైన మనిషి, తన వంశవృక్షం గురించి ఎప్పుడూ నా బుర్ర తినేవాడు. ఈసారి నేను తిన్నాను. "మా నాయనమ్మ పేరు జీన్ అండీ" అన్నాను. ఆయన కాఫీ చల్లారిపోయింది.

జాబితాలో లేరంటే నువ్వు సరిగ్గా చూడలేదని అర్థం. నలభై ఏళ్ళు మన విజయనగరంలో రైల్వే గార్డుగా చేశాను. లోడు ఎక్కిందా లేదా అని ఒక్కసారి చూసి సంతకం పెట్టేవాణ్ణి కాదు. చచ్చిపోయిన మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు.

నాకు బాగా గుర్తున్నది రాస్తాను, పనికొస్తుందేమో. నలభై ఏడు మొదట్లో అనుకుంటాను, నాకు ఏడేళ్ళు. భద్రయ్య మావయ్య మా గదిలోకి వచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "దొర పోనాడే పైడీ. సయాం రైలు కాడ పోనాడట. ఇంక నీకీ తోట్లో ఏటుంది? నడు, మనూరెల్లిపోదుం" అన్నాడు. అమ్మ ఏడవలేదు. బయట కుళాయి దగ్గరకెళ్ళి నుదురు కడుక్కుంది. పసుపుతాడు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ వారమే ఉన్నపళంగా లారీ ఎక్కించాడు. సింగపూరు రేవు దగ్గర సత్రంలో ఉన్నాం ఓడ వచ్చేదాకా. మావయ్య అమ్మని గడప దాటనిచ్చేవాడు కాదు. "సిన్న వయసు ముండమోపివి, నలుగురి కళ్ళబడకు" అనేవాడు.

అప్పటినుంచి అమ్మ తెల్లచీరే కట్టింది. పెళ్ళిళ్ళకు పిలిచినా వెళ్ళి వెనక గదిలో కూర్చునేది. డెబ్భై ఒకటిలో పోయింది. ఆ మనిషి కోసం ఆ తేదీ కనుక్కో. నాకోసం కాకపోయినా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
తాతయ్య


ఎడింబరో
6 ఏప్రిల్ 2025

పూజ్యులైన తాతయ్యకు,

నమస్కారాలు. ఆలస్యానికి క్షమించండి. పరీక్షలు దగ్గరపడ్డాయి. రికార్డుల గదిలో ఏవో మరమ్మతులు జరుగుతున్నాయి, కొన్నాళ్ళు తెరవరట. అన్నీ దొరుకుతాయన్న నమ్మకం కూడా లేదు. అమావాస్య నాడు పెడుతూనే ఉన్నారు కదా తాతయ్యా, అది కూడా శాస్త్రమే కదా. ఆరోగ్యం జాగ్రత్త.

మీ నిఖిల


వుడ్‌ల్యాండ్స్
28 ఏప్రిల్ 2025

నిఖిలకు,

శాస్త్రం నాకు చెప్పకు. మొదటి ఉత్తరంలో చప్పట్లు కొట్టిన పిల్లవి, రెండోదానికి మరమ్మతులు వచ్చాయా? మీ అత్త ఫోనులో చూసి చెప్పింది, ఆ గది తెరిచే ఉందట, వారానికి అయిదు రోజులు. నేను చెవిటివాణ్ణే, వెర్రివాణ్ణి కాదు.

అసలు సంగతి నాకు అర్థమైంది. నీకు సిగ్గేస్తోంది. తోటకూలి కడుపున దొరకి పుట్టిన ముసలాడు మా తాత అని అక్కడ నీ స్నేహితులకు చెప్పుకోలేవు. మీ అమ్మకీ అంతే. పెళ్ళిచూపుల్లో నన్ను నల్లకళ్ళద్దాలు పెట్టుకోమంది. పెట్టుకున్నాను. కూతురి పెళ్ళి కదా అని ఊరుకున్నాను. నీ దగ్గర ఊరుకోను.

రిజర్వేషన్ లేని మనిషిని బోగీలోంచి దింపేసినట్టు మధ్యలో దింపేశావు. చెయ్యలేనని ఒక్క ముక్క రాస్తే మీ మావయ్య చేత ఎవరికైనా పని అప్పగింపిస్తాను. అక్కడ ఇదే పనిగా చేసేవాళ్ళు ఉన్నారట.

తాతయ్య


ఎడింబరో
18 మే 2025

పూజ్యులైన తాతయ్యకు,

నమస్కారాలు. సిగ్గు అని ఎలా అన్నారు? మీ కళ్ళు నాకు రాలేదని చిన్నప్పుడు అద్దం ముందు ఏడ్చినదాన్ని.

ఎవరికీ అప్పగించవద్దు. దొరికింది. ఖైదీల జాబితా ఇంకొకటి ఉంది, అందులో ఉన్నారు. 1943 జూన్ 21, మధ్యాహ్నం, సయాంలో. జ్వరంతో పోయారు. పెద్దగా బాధపడలేదనే రాశారు.

ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

మీ నిఖిల


వుడ్‌ల్యాండ్స్
17 జూన్ 2025

నా బంగారు తల్లి నిఖిలకు,

వెయ్యేళ్ళు బతుకు. ముసలాడి నోటికి హద్దు లేదు, ఆ ఉత్తరం చింపెయ్.

జూన్ 21కి నేనే పాత పంచాంగాలతో లెక్క కట్టాను. జ్యేష్ఠ బహుళ చవితి. ఈ ఏడు అది మొన్న ఆదివారం వచ్చింది. సెరంగూన్ రోడ్డులో జనం ఇసక వేస్తే రాలనంత. పనివాళ్ళ సెలవురోజు కదా, పేవ్‌మెంటు మీద కూర్చుని ఫోన్లలో ఇంటికి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్యనుంచి గోపీ నా రెక్క పట్టుకుని గుడికి నడిపించాడు. పూజారి తమిళాయన, "అప్పా పేరు?" అన్నాడు, నాన్న పేరు అడిగాడన్నమాట. "రాబర్ట్ ఓగిల్వీ" అని గట్టిగా చెప్పాను. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. పిండం పెట్టి నీళ్ళు వదిలాను. ఏడ్చాను కూడా. అమ్మ మొగుడికి కర్మ సరిగ్గా జరిగింది నిఖిలా. ఇన్నాళ్ళకి.

ఇంటికొచ్చాక కావ్యశ్రీ గారెలు వండింది. వరుణ్ నాలుగు తిని "గ్రేట్ గ్రాండ్‌పా వెరీ లక్కీ లా" అన్నాడు. మాకు తెలిసిన పదిమందికీ చెప్పాను. కృష్ణమూర్తిగారు నా చెయ్యి పట్టుకుని "అదృష్టవంతులండీ" అని అట్ట మీద రాసి చూపించాడు.

ఇంకొక్క పని. ఆ నమోదు కాగితం ముద్ర వేయించి నకలు పంపు. అద్దం కట్టించి అమ్మ ఫోటో పక్కన పెడతాను. కాగితం చూడకుండా గార్డు పచ్చజెండా ఊపడు, నీ మాట మీద ఒకసారి ఊపాను.

ముద్దులతో,
తాతయ్య


ఎడింబరో
20 జులై 2025

తాతయ్యా,

ఈ ఉత్తరం నెల రోజులుగా రాసి చింపేస్తున్నాను. నకలు ఇందులో ఉంది. మీరు ముందు ఇది చదవండి, తర్వాత అది చూడండి.

జూన్ 21 అన్నది నేను కల్పించిన తేదీ. ఏ జాబితాలోనూ లేదు.

మార్చిలోనే అంతా తెలిసింది. యుద్ధంలో పోయినవాళ్ళలో లేరు కనుక విడుదలైనవాళ్ళలో చూశాను. ఉన్నారు. అక్కడినుంచి వెనక్కీ ముందుకీ వెళ్ళాను. 1938లో సెలవుకు వచ్చి ఫార్ఫర్ చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. వృత్తి దగ్గర "రబ్బరు తోటల మేనేజరు, జోహోరు" అని ఉంది, ఇంకెవరో అనుకోవడానికి లేదు. ముత్తవ్వకి పసుపుతాడు కట్టేనాటికే ఆయనకు భార్య ఉంది. యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి, భార్యనీ చిన్నపిల్లనీ తీసుకుని 1946 డిసెంబరులో మళ్ళీ సింగపూరుకు ఓడ ఎక్కారు. ప్రయాణికుల పట్టీలో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. వాళ్ళు దిగడం, భద్రయ్యగారు మిమ్మల్ని ఉన్నపళంగా లారీ ఎక్కించడం దాదాపు ఒకే రోజుల్లో జరిగాయి.

ఆయన 1979 మార్చిలో కిర్రిమ్యూర్‌లో తన ఇంట్లో పోయారు. నమోదు చేయించింది కూతురు. గంటా నిమిషమూ ఉన్నాయి.

నేను పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. మీరు సిగ్గు అన్నప్పుడు నిజం చెప్పెయ్యాలనుకున్నాను. ఎనభై అయిదేళ్ళ మనిషికి ఇది ఎందుకు, మీ మనసుకు తృప్తి కలిగితే చాలు కదా అనుకున్నాను. మీ మంచికే చేశాను. మీరు తద్దినం పెట్టేశానని రాసిన ఉత్తరం చదివిన మర్నాడే వెళ్ళి ఈ నకలు తీసుకున్నాను. తిట్టండి.

నిఖిల


ఎడింబరో
30 ఆగస్టు 2025

తాతయ్యా,

ఉత్తరం అందిందా? అత్తని అడిగితే "బానే ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడట్లేదు" అంది. ఒక్క ముక్క రాయండి. తిట్టయినా సరే.

నిఖిల


వుడ్‌ల్యాండ్స్
22 సెప్టెంబరు 2025

నిఖిలకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి, కాగితమూ అందింది. ముద్ర బాగా పడింది. ఆ తేదీకీ గంటకీ తిథి లెక్క కట్టాను. అది నీకు చెప్పను.

నాకు దొర మీద కోపం లేదంటే నమ్మవు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. నాతో అసలు మాట్లాడలేదు. నువ్వు చెప్పావు. నా చేత పిండం పెట్టించావు, నన్ను ఏడిపించావు, పదిమందిలో నన్ను అదృష్టవంతుణ్ణి చేశావు. మంచికే అన్నావు. మా భద్రయ్య మావయ్య కూడా తలపాగా తీసి నిలబడింది మంచికే అయ్యుంటుంది. దొర పెళ్ళాంతో దిగాడని తెలిస్తే చెల్లెలు ఏమైపోతుందో అనుకుని ఉంటాడు. దొరే పంపెయ్యమన్నాడో, మావయ్యే తప్పించాడో, అది మాత్రం ఏ రిజిస్టర్లోనూ రాయరు. ఎవరి మంచైతేనేం, ఆ మంచి మా అమ్మని చచ్చేదాకా వెనక గదిలో కూర్చోబెట్టింది. ముప్ఫై నిండని మనిషిని.

డెబ్భై ఒకటిలో ఆవిడ పోయినప్పుడు పసుపు రాయలేదు, బొట్టు పెట్టలేదు, తలలో పువ్వు పెట్టలేదు. విధవ కదా. ఆవిడ తెల్లచీరలో కాలుతున్నప్పుడు ఆ మొగుడు అక్కడ టీ తాగుతున్నాడు. మొగుడనవచ్చా ఆయన్ని? పసుపుతాడు ఉంది, మారియమ్మ సాక్షి ఉంది, చర్చిలో ఇంకొక ఆవిడ సంతకం ఉంది. మా అమ్మ పుణ్యస్త్రీయా, విధవా, ఏదీ కాదా? నీ గుమ్మటం గదిలో ఏ కంప్యూటరు చెబుతుంది? నేను ఒక బతికున్న మనిషికి ఏటేటా నువ్వులూ నీళ్ళూ వదిలాను. పగవాడు కూడా చెయ్యని పని.

నిన్న పెద్దల అమావాస్య. వెళ్ళకూడదనుకున్నాను. కాళ్ళు అలవాటున కదిలాయి. గోపీ గుడి బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. జనం చాలామంది ఉన్నారు. నా వంతు వచ్చింది. నువ్వులు చేతిలో పోసుకుని కూర్చున్నాను. ఆ పూజారే, నన్ను గుర్తుపట్టాడు. నాకు వినపడదని తెలిసి పెదవులు బాగా కదిపి "అప్పా పేరు?" అన్నాడు.

ఏ పేరు చెప్పను? వెనకవాళ్ళు కదులుతున్నారు.

"ఉన్నాడు" అన్నాను.

ఆయన బొటనవేలు పైకెత్తి చూపించి "బతికి ఉన్నారా?" అన్నట్టు అడిగాడు. ఉన్నాడన్నాను. జూన్‌లో తద్దినం పెట్టించిన మనిషి ఆయన. నన్ను ఎగాదిగా చూశాడు. తండ్రి బతికుండగా కొడుకు ఈ తర్పణం విడవకూడదు, లేవండి అని చేత్తో చెప్పాడు. లేచాను. ఆ నువ్వులు గుప్పెట్లో పట్టుకునే రైలెక్కి వచ్చాను. ఎక్కడ వదలాలో తెలియక చొక్కా జేబులో పోసుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉన్నాయి.

ఆయన బతికుంటే అమ్మ పుణ్యస్త్రీయే కదా. ఇంటికి రాగానే కావ్యశ్రీ పూజ దగ్గరి కుంకుమ తీసుకుని అమ్మ ఫోటోకి బొట్టు పెట్టాను. పెద్దదే పెట్టాను. ఆ మొహానికి బొట్టు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. గోపీ చూసి అట్ట మీద రాశాడు: "నాన్నా, నానమ్మకి బొట్టేంటి? ఏమైంది?" "మీ తాత బతికే ఉన్నాడ్రా" అన్నాను. వాడూ కావ్యశ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇవాళ పొద్దున్న డాక్టరు దగ్గర పేరు రాయించారు, మతిమరుపు పరీక్షకట. వెళతాను.

వాళ్ళు నిన్ను అడుగుతారు. నిజం చెప్పకు. చెప్పకుండా ఉండడం నీకు చేతనవును.

జగన్మోహనరావు